కొల్లేరు నిండింది, బాతులేవి?

ప్రశ్న: డిసెంబరులో కొల్లేరు ఒడ్డున పక్షులు చేరే ఆటపాక వెళ్లాం. తుపాను వానలకు నీళ్లు నిండుగా ఉన్నాయి గానీ, నిరుడు గుంపులుగా ఉన్న సూదితోక బాతులు, ఉల్లంకులు (బురదలో మేత ఏరుకునే చిన్న పక్షులు) దాదాపు లేవు. నీళ్లు పెరిగితే పక్షులూ పెరగాలి కదండీ?
– ఒక పాఠకురాలు, భీమవరం

జవాబు: ఈ పక్షులు పెరగవు, తగ్గుతాయి. వీటికి నీరెంత పరుచుకుందన్నది కాదు, ఎంత లోతుందన్నదే లెక్క. పరజలు (చిన్న బాతులు), సూదితోకలు నీటిలోకి పూర్తిగా మునగవు. తల ముంచి, తోక పైకెత్తి అడుగునున్న గింజలూ పురుగులూ ఏరుకుంటాయి. జానెడు లోతు దాటితే పరజకు అడుగు అందదు. మెడ పొడవు కాబట్టి సూదితోకకు ఇంకో జానెడు ఫర్వాలేదు. చిన్న ఉల్లంకులకైతే రెండు మూడు సెంటీమీటర్ల నీళ్లే కావాలి. మీటరు లోతు నీళ్లు నిలిస్తే అడుగున ఎంత తిండి ఉన్నా వీటికి లేనట్టే. గరిటెముక్కు బాతు పైపై నీటినే వడకట్టుకు తింటుంది కనుక లోతు దాన్నంతగా ఇబ్బంది పెట్టదు. నీటికాకులు, గూడబాతులు, బొల్లికోళ్లకూ బెంగ లేదు. మీకు ఎక్కువగా కనిపించినవి ఇవే అయ్యుంటాయి.

బుడమేరు, తమ్మిలేరు వరదంతా కొల్లేరులో పడుతుంది. అది సముద్రానికి పోవాలంటే ఉప్పుటేరు ఒక్కటే దారి, పోటు వేళల్లో అదీ మందగిస్తుంది. అందుకే వాన వెలిసి వారాలైనా లోతు తగ్గదు.

అలాంటి ఏడాదిలో సరస్సు నడుమ వెతక్కండి. కోత అయి నీళ్లు నిలిచిన వరి మడులు, పట్టుబడికి నీళ్లు తోడేసిన చేపల చెరువులు చూడండి. తోడుతున్నప్పుడు చేపల కోసం కొంగలు దిగుతాయి, బురద బయటపడ్డాక ఉల్లంకులు వస్తాయి. మట్టి ఎండి నెర్రెలిచ్చిందంటే ఇక ఏమీ ఉండవు, కాబట్టి ఆ కొద్ది రోజుల్లోనే వెళ్లాలి. పక్షులు దిగకుండా పైన తాళ్లో వలలో కట్టిన చెరువు దగ్గర ఆగడం దండగ. గట్టెక్కే ముందు యజమానిని అడగడం మరవొద్దు.

ఇంకో ఉపాయం. ఎర్రకాళ్ల కొంగలు (పెయింటెడ్ స్టార్క్) ఆటపాకలో గూళ్లు పెట్టినా, తిండికి లోతు తక్కువ నీళ్లు వెతుక్కుంటూ బయటికి పోతాయి. సాయంత్రం అవి ఏ దిక్కు నుంచి తిరిగొస్తున్నాయో గమనిస్తే, మర్నాడు మీరెటు వెళ్లాలో తెలిసిపోతుంది.

ప్రశ్న: నవంబరు మొదట్లో చూస్తే బాతులన్నీ ఒకే గోధుమరంగులో ఉన్నాయి. పోల్చుకునేదెలా?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: అప్పటికి చాలా మగబాతులు కూడా ఆడవాటిలాగే ఉంటాయి. సంతానకాలం ముగిశాక రాలిన రంగు ఈకలు తిరిగి పూర్తిగా రావడానికి డిసెంబరు దాకా పడుతుంది, గార్గనీ అనే చిన్న బాతుకు ఇంకా ఆలస్యం. కాబట్టి రంగు వదిలేసి ఆకారం చూడండి. సన్నని పొడుగు మెడ, బూడిదరంగు ముక్కు, మొనదేలిన తోక ఉంటే సూదితోక. ముక్కు తలకంటే పొడుగ్గా, కొసన వెడల్పుగా ఉంటే గరిటెముక్కు. బాతు చిన్నది, కంటి మీదుగా ఒకటి, చెంప మీద ఒకటి ముదురు చారలు, ముక్కు మొదట్లో లేత మచ్చ ఉన్నాయంటే గార్గనీ. బైనాక్యులర్స్ 8x42 (ఎనిమిది రెట్లు దగ్గరగా చూపేవి) చాలు, పది రెట్ల 10x చేతిలో వణుకుతుంది. సూర్యుడు మీ వీపు వెనక ఉండేలా నిలబడండి. ఎండెక్కిన కొద్దీ నీటిమీద గాలి ఆవిరిలా ఆడి గీతలన్నీ చెదిరిపోతాయి, అందుకే ఈ పనంతా పొద్దున్నే ముగించాలి.

ప్రశ్న: చీకటి పడుతుండగా చెరువు గట్టు మీద పెద్ద పిల్లి కనిపించింది. బావురు పిల్లేనా (ఫిషింగ్ క్యాట్)?
– ఒక పాఠకుడు, కైకలూరు

జవాబు: ఒంటి మీద మచ్చలున్నాయా అన్నదే మొదటి ప్రశ్న. అడవి పిల్లి (జంగిల్ క్యాట్) ఒళ్లు దాదాపు మచ్చల్లేకుండా ఉంటుంది. కాళ్లు పొడుగు, తోక కొసన నల్ల పట్టీలు, చెవి చివర చిన్న కుచ్చు. బావురు పిల్లి బలిష్ఠం, కాళ్లు పొట్టి, తోక కురచ, వీపు పొడుగునా నల్ల మచ్చల వరుసలు. కోరింగ, కృష్ణా మడ అడవుల్లో ఇవి ఉన్నాయి. గోళ్లు పూర్తిగా లోపలికి ముడుచుకోవు కాబట్టి బురదలోని అడుగుజాడల్లో గోటి గుర్తులూ పడవచ్చు. జాడ పక్కన స్కేలు పెట్టి ఫొటో తీసి అటవీశాఖకు పంపండి, చోటు మాత్రం ఫేస్‌బుక్‌లో పెట్టకండి. చీకట్లో వెళ్తే టార్చీ, మడమలు దాటే బూట్లు తప్పనిసరి. వరదకు బొరియలు మునిగిన రక్తపింజరలు, నాగులు చేరేది ఆ గట్ల మీదికే.