పదును సరే, వేడి చూశారా?

సందేహం: అన్నా, మాది కర్నూలు జిల్లా పత్తికొండ. ఈ చలికాలంలోనే కెనడాలోని కాల్గరీ వచ్చాం. ఇంటి వెనుక నాలుగు మడులకు చోటుంది. మే మొదట్లోనే అన్ని విత్తనాలూ వేసేయవచ్చా?

జవాబు: టమాటాలకు పేరుపడిన ఊరి ఆడపడుచుకు నేను సేద్యం చెప్పడం వింతే! కానీ ఇక్కడి మంచుతో దెబ్బలు తిన్నవాడిని కాబట్టి వినండమ్మా, అన్నీ ఒకేసారి వేయకండి.

మాది అనంతపురం. విత్తే ముందు మా నాయన గుప్పెడు మట్టి తీసి పిడికిలి బిగించేవారు. ఉండ కట్టి, వేలు తగలగానే విడిపోతే పదును, అంటే విత్తడానికి తగిన తడి, కుదిరినట్టు. ఇక్కడ మే నెలలో పదునుకు కొదవ లేదు, లేనిదల్లా వేడి. అందుకే మాంసం ఉడికిందో లేదో చూసే థర్మామీటరును మడిలో వేలెడు లోతు గుచ్చుతాను. (దాని మీద ఇంట్లో గొడవ జరిగాక రెండోది కొన్నాం.) ఏడెనిమిది డిగ్రీలుంటే పాలకూర, ముల్లంగి, బఠాణీ మొలుస్తాయి. బీన్స్‌కు పదిహేనైనా ఉండాలి, లేకపోతే గింజ కుళ్లిపోతుంది.

మొదటి ఏడు మెంతుల పొట్లమంతా ఒక్కరోజే చల్లాను. జూన్‌లో కూరంతా ఒకే వారం కోతకొచ్చింది. పప్పులో వేసి, రొట్టెల్లో కలిపి, ఇరుగుపొరుగుకు పంచినా తరగలేదు. జూలైలో చూస్తే ఒక్క ఆకు లేదు! ఇప్పుడు పది రోజులకొకసారి మూరెడు వరుస వేస్తాను, అంతే. కొత్తిమీరకూ ఇదే పద్ధతి. జూన్‌లో పగలు పదహారు గంటలు దాటుతుంది కాబట్టి అది త్వరగా పూతకొస్తుంది. పాలకూరదీ అదే తీరు. అందుకే జూన్‌లో దాన్ని ముట్టను, బఠాణీ తీగలు పీకేసిన మడిలో ఆగస్టు మొదట్లో వేస్తాను.

సెప్టెంబరు మధ్యకల్లా మంచు పడవచ్చు. అక్కడి నుంచి వెనక్కి లెక్కపెట్టండి. పొట్లం మీద 30 రోజులని ఉంటే, ఆగస్టులో విత్తేదానికి 45 అనుకోండి. పొద్దు తగ్గేకొద్దీ మొక్క ఎదుగుదల మందగిస్తుంది. బీన్స్ విత్తడం జూన్‌తో సరి.

టమాటా, వంకాయలకు ఈ విడతలు కుదరవు. మార్చి చివర్లో కిటికీ దగ్గర నారు పోసి, మే 25కి ముందు సోమవారం వచ్చే విక్టోరియా డే సెలవు దాటాక నాటండి. అప్పటికీ మొక్కలకు కప్పేందుకు పాత దుప్పట్లు చేతికందేలా పెట్టుకోండి.

గోంగూర అంటారా? కుండీలో పెంచుకోవచ్చు, చలి రాత్రుల్లో దాన్ని ఇంట్లోకి మోసే మనిషి ఉంటే. మా ఇంట్లో ఆ మనిషిని నేనే.