లోలకంతో గురుత్వ త్వరణం 9.4 వస్తే తప్పు ఎక్కడ?

ఒంగోలు బడిలో లఘులోలకంతో, అంటే దారానికి గుండు కట్టి ఊపే ప్రయోగంలో, గురుత్వ త్వరణం 9.8 మీ/సె² రావలసింది 9.4 ఎందుకొచ్చిందని అడిగారు. అసలు ఒంగోలు, నెల్లూరు వైపు నిజమైన విలువే దాదాపు 9.78. మిగతా తేడాకి నా మొదటి అనుమానం పొడవు మీద. దారం ముడి దాకా కాదు, గుండు మధ్య దాకా కొలవాలి. మీటరు లోలకంలో 2 సెంటీమీటర్లు వదిలేస్తే ఫలితం 2 శాతం పడిపోతుంది. 30 డిగ్రీలు లాగి వదిలితే ఇంకో మూడున్నర శాతం, 10 దాటనివ్వకండి. లెక్కపెట్టడంలో తప్పు ఉండకపోవచ్చు: గుండు వదలగానే ‘సున్నా’ బదులు ‘ఒకటి’ అంటే 20 డోలనాలు (ఊపులు) నిజానికి 19 అయిపోయి, విలువ 10.8కి ఎగబాకేది. స్టాప్‌వాచ్ దగ్గర 0.2 సెకన్ల తడబాటు 40 సెకన్లలో అర శాతమే, కానీ సూత్రంలో కాలాన్ని వర్గం చేస్తాం కాబట్టి అది 1 శాతం అవుతుంది. దయచేసి 9.8 కోసం అంకెలు దిద్దకండి. రికార్డులో 9.4 రాసి, పక్కనే కారణాలు రాయండి.