మారటోరియం ఎగుమతిదారుకు, మరి రొయ్యల రైతుకు?

ప్రశ్న: ఐదెకరాల చెరువు కౌలుకు తీసుకుని వనామీ రొయ్య సాగు చేస్తున్నాను. అమెరికా సుంకాల వల్ల నష్టపోయినవారికి రిజర్వు బ్యాంకు వాయిదాల నుంచి ఊరట ఇచ్చిందని, కేంద్రం వేల కోట్ల పథకాలు ప్రకటించిందని చదివి మా బ్యాంకుకు వెళ్లాను. అవి మీకు వర్తించవని చెప్పి పంపేశారు. ధర పడిపోయి నష్టపోయింది మేమే కదా? – ఒక పాఠకుడు, ఆకివీడు

జవాబు: మీ బ్యాంకువారు చెప్పింది నిబంధనల ప్రకారం సరైనదే. ఆ నిబంధనలు ఎవరిని దృష్టిలో పెట్టుకుని రాశారో చూస్తే మీ బాధ కూడా సరైనదేనని తెలుస్తుంది.

2025 ఆగస్టు 27 నుంచి భారత సరుకులపై అమెరికా అదనపు సుంకం 50 శాతానికి చేరింది. రొయ్యలపై యాంటీ డంపింగ్ (మరీ తక్కువ ధరకు అమ్ముతున్నారని వేసే), కౌంటర్‌వేలింగ్ (ప్రభుత్వ రాయితీలకు విరుగుడుగా వేసే) సుంకాలు అంతకుముందు నుంచే ఉన్నాయి. 2024-25లో మన దేశం నుంచి అమెరికాకు 3.11 లక్షల టన్నులకు పైగా శీతలీకరించిన రొయ్యలు వెళ్లాయి. రొయ్యల సాగు ఎక్కువగా జరిగేది ఇక్కడే కనుక, ఈ దెబ్బ అందరికంటే ఎక్కువగా ఆంధ్రప్రదేశ్‌కే తగిలింది. 2025 నవంబరు 12న కేంద్ర మంత్రివర్గం ఎగుమతిదారులకు రూ.20,000 కోట్ల వరకు అదనపు రుణాలపై నూటికి నూరు శాతం గ్యారంటీ ఇచ్చే పథకాన్ని, ఆరేళ్లలో రూ.25,060 కోట్లు ఖర్చు చేసే ఎగుమతి ప్రోత్సాహక మిషన్‌ను ఆమోదించింది. రెండు రోజుల తరవాత రిజర్వు బ్యాంకు, సెప్టెంబరు 1 నుంచి డిసెంబరు 31 వరకు కట్టవలసిన వాయిదాలపై మారటోరియం (చెల్లింపును కొన్నాళ్లు ఆపడం) ఇచ్చే వెసులుబాటును బ్యాంకులకు కల్పించింది. అయితే రుణగ్రహీత నిర్దేశిత సరుకులను ఎగుమతి చేస్తూ ఉండాలి, ఆగస్టు 31 నాటికి అతని పేర ఎగుమతి రుణం ఉండాలి, ఆ ఖాతా మొండి బాకీగా మారి ఉండకూడదు అన్నవి దాని షరతులు. ఇది మాఫీ కాదని కూడా గమనించాలి. ఆ నెలలకు బారువడ్డీ పడింది, చక్రవడ్డీ మాత్రం లేదు.

అంటే ఈ సాయమంతా రొయ్యలు కొని శుద్ధిచేసి ఎగుమతి చేసే ప్రాసెసింగ్ ప్లాంటు ఖాతాలోనే మొదలై అక్కడే ఆగింది. నష్టం మాత్రం ప్లాంటు దగ్గర ఆగదు. పట్టుబడికి ముందు ఏజెంటు మీ గట్టు మీదికి వచ్చి, విసురువలతో నమూనా తీసి, కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతున్నాయో లెక్కపెట్టి ఆనాటి కౌంటు ధర చెబుతాడు. వైరస్ భయంతోనో మేత బకాయి ఒత్తిడితోనో ఉన్న రైతు ఆ ధరకు ఒప్పుకోక తప్పదు. డీలరు దగ్గర అరువుకు తెచ్చిన మేత బస్తాల లెక్కకు మారటోరియం ఉండదు. పైగా చాలామంది డీలర్లు సరుకు తమ ద్వారానే అమ్మాలంటారు. పదేళ్ల అప్పు చేసి ప్లాంటు కట్టినవారికి కష్టం లేదని నేననను. కాని వారికి కనీసం బ్యాంకు ముందు నిలబడి చూపించడానికి ఒక ఖాతా ఉంది.

మీరు చేయగలిగినవి తక్కువే అయినా చెబుతాను. కౌలు ఒప్పందం కాగితంపై లేకపోతే వెంటనే రాయించుకోండి, ఎందుకంటే అది లేకుండా కిసాన్ క్రెడిట్ కార్డు గాని, ఆక్వాజోన్‌లో (ఆక్వా సాగుకు ప్రభుత్వం గుర్తించిన ప్రాంతంలో) యూనిట్ రూ.1.50కే విద్యుత్ ఇచ్చే రాయితీ గాని భూయజమాని పేరుతోనే ఉండిపోతుంది. కేంద్ర మత్స్యశాఖ జాతీయ డిజిటల్ వేదికలో పేరు నమోదు చేసుకోండి. రుణం ఉంటే, వాయిదా దాటిన తరవాత కాకుండా దాటకముందే, గడువు పొడిగించమని బ్యాంకుకు రాతపూర్వకంగా దరఖాస్తు ఇచ్చి రసీదు తీసుకోండి. నాలుగు హెక్టార్ల వరకు చెరువులకు ఆక్వా బీమా ప్రీమియంలో 40 శాతం ప్రోత్సాహకం ఉన్నదన్న ప్రచారం నిజమే, కాని ధర పడిపోవడం ఆ బీమా పరిధిలోకి రాదు.

ప్రశ్న: బ్రెగ్జిట్ (ఐరోపా సమాఖ్య నుంచి బ్రిటన్ వైదొలగడం) తరవాత బ్రిటన్ ప్రభుత్వం తమ చేపల వ్యాపారులకు నేరుగా నగదు ఇచ్చిందట. మనవాళ్లు అలా ఎందుకు చేయరు? – ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: ఇచ్చిన మాట నిజమే. 2021 జనవరి నుంచి ఐరోపాకు వెళ్లే బ్రిటన్ చేపలకు సుంకం లేకపోయినా, ఆరోగ్య ధ్రువపత్రాలు, కస్టమ్స్ పత్రాలు తప్పనిసరి అయ్యాయి. ఒకే లారీలో పలు సంస్థల సరుకు వెళ్తుంది గనుక, ఒక పెట్టె కాగితంలో పొరపాటు ఉన్నా లారీ మొత్తం ఆగిపోయేది. ఆ నెల 18న వ్యాపారులు లారీలతో లండన్ ప్రభుత్వ కార్యాలయాల వీధుల్లో నిరసన తెలిపారు, ప్రభుత్వం 2.3 కోట్ల పౌండ్ల నిధి ప్రకటించి, సంస్థకు గరిష్ఠంగా లక్ష పౌండ్ల వరకు ఇచ్చింది. అక్కడ కూడా మొదట సాయం అందింది ఎగుమతిదారులకే. పడవల యజమానులను, ఆల్చిప్పల పెంపకందారులను మార్చిలో గాని చేర్చలేదు.

మన దగ్గర నగదు సాయానికి మరో చిక్కు ఉంది. మన రొయ్యలకు ప్రభుత్వ రాయితీలు అందుతున్నాయన్న ఆరోపణపైనే 2024లో అమెరికా కౌంటర్‌వేలింగ్ సుంకం విధించింది. అది చాలా సంస్థలకు 5.77 శాతం. ఎగుమతితో ముడిపెట్టి డబ్బు పంచితే తరువాతి సమీక్షలో అదే సుంకం పెరగడానికి మనమే ఆధారం ఇచ్చినట్టవుతుంది. గ్యారంటీలు, వాయిదా పొడిగింపులు కూడా ఆ పరిశీలనను పూర్తిగా తప్పించుకోలేవు గాని, నగదు కంటే నయం.

అందుకే, నా అభిప్రాయంలో, సాయం రూపం కన్నా దానికి పెట్టని షరతే పెద్ద లోపం. గ్యారంటీ రుణం, మారటోరియం పొందిన ప్రతి ప్లాంటు తన కొనుగోలు ధరను కౌంట్ల వారీగా వారం ముందే ప్రకటించి, ఆ ధరకే సరుకు తీసుకోవాలని ఆదేశించి ఉండవలసింది. దానికి ఖజానా నుంచి రూపాయి ఖర్చు కాదు, అమెరికా దాన్ని సబ్సిడీ అనడానికీ వీలు చిక్కదు.