ఆ కన్ను దగ్గరే కూర్చో

చి. సౌమ్యకు,

ఆశీస్సులు. కన్ను ఎలా పనిచేస్తుందో పరిశోధించిన అమెరికన్ శాస్త్రవేత్త హార్ట్‌లైన్ మీద నువ్వు రాసిన వ్యాసం చదివాను. మొదటి పేరాలోనే 1967 నోబెల్, పక్కనే ఆయనతో దాన్ని పంచుకున్న గ్రానిట్, వాల్డ్ పేర్లు. బహుమతి ముందే ఇచ్చేస్తే ఇక చదివేవాడికి ఆత్రం ఏముంటుంది? ఆయన ప్రయోగాలు చేసిన అసలు పీత మూడో పేజీ దాకా కనబడలేదు.

గుర్రపునాడా పీత నిజానికి పీత కాదు, సాలీళ్లకు చుట్టం. ఈ సంగతి ఒక్క వాక్యంలో చెప్పి వదిలెయ్. ఒడిశా తీరంలో దొరికేది వేరే జాతి, అమెరికా తూర్పు తీరపు దానితో కలిపెయ్యకు. హార్ట్‌లైన్ ఈ పీతనే ఎందుకు ఎంచుకున్నారో మాత్రం తీరిగ్గా చెప్పు. దాని పక్క కంటిలో దాదాపు వెయ్యి చిన్న కళ్లుంటాయి, ఒక్కోటి విడిగా కనబడేంత పెద్దవి. 1932లో హార్ట్‌లైన్, ఆయన తోటి పరిశోధకుడు గ్రాహం ఆ కంటిని నరంతో సహా కోసి తీశారు. తడి ఆరకుండా చూస్తూ, చీర అంచులోంచి ఒక్క పోగు లాగినట్టు, నరాన్ని విడదీస్తూ పోయారు. పనిచేసే పోగు ఒక్కటే మిగలాలి. వెలుతురు పడగానే అందులో చిన్న చిన్న విద్యుత్ స్పందనలు. వెలుతురు పెంచితే ఒక్కో స్పందన పెద్దది కాదు, అవే గబగబా వస్తాయి. ఇంత సంగతిని నువ్వు ‘విద్యుత్ సంకేతాలు నమోదు చేశారు’ అని మూడు ముక్కల్లో తేల్చేశావు!

కంటి విద్యుత్తును హార్ట్‌లైనే మొదట కొలిచారని నువ్వు రాసింది తప్పు. 1865లోనే స్వీడన్‌లో హోల్మ్‌గ్రెన్ కప్ప కంటి మీద ఆ పని చేశారు. హోల్మ్‌గ్రెన్ చూసింది కన్నంతటి స్పందన, హార్ట్‌లైన్ చూసింది ఒక్క పోగుది. ఈ తేడా లేకపోతే 1932 గొప్పేమిటో తెలియదు.

హార్ట్‌లైన్ ఒక్క చిన్న కంటి స్పందనలు చూస్తుండగా గదిలో లైటు వేసిన ఘట్టాన్ని మాత్రం వదలకు. వెలుతురు పెరిగింది కదా, స్పందనలు ఎక్కువవ్వాలి. తగ్గాయి. చుట్టుపక్కల చిన్న కళ్లు ఈ ఒక్కదాన్ని అణిచేస్తున్నాయని తర్వాత తేలింది. వస్తువుల అంచులు స్పష్టంగా కనబడటానికి ఇదీ ఒక కారణం. పాఠకుణ్ణి కాసేపు ‘తగ్గడమేంటి?’ అనుకోనివ్వు. వివరణ తర్వాతి పేరాలో ఇవ్వు.

జంతువు విషయంలో ‘పాపం మూగజీవి’ అని కన్నీళ్లు పెట్టించొద్దు, ‘నమూనా సేకరించారు’ అని దాచొద్దు కూడా. కన్ను కోసి తీశారు, అంతే రాయి.

నోబెల్‌కి ఆఖర్న ఒక్క వాక్యం చాలు. వచ్చే ఆదివారంలోగా మార్చి పంపు, టెన్షన్ పడకు.

ఇట్లు,
మీ మాస్టారు