చెరువు పుస్తకం నీ దగ్గరే ఉంచుకో

అమ్మాయ్,

ఎకరం చేపల చెరువు కౌలుకి తీసుకుంటున్నారని తెలిసి సంతోషించాను. మన కొల్లేరు పక్క ఇళ్ళలో మేత కలిపేదీ సంచులు ఉతికి ఆరేసేదీ ఎక్కువగా ఆడవాళ్ళే. చేప అమ్మే రోజు మాత్రం కాటా దగ్గర ఒక్క ఆడమనిషీ కనపడదు. నువ్వలా చేయకు.

చేప పిల్ల చెరువులో దించే రోజే గట్టు మీద నిలబడు. ఎకరానికి 2,000 చాలు, శీలావతి ఎక్కువ, బొచ్చె తక్కువ. పిల్లని గిన్నెలతో కొలిచి పోస్తుంటే మధ్యలో ఒక గిన్నె ఆపించి, తొట్టిలో పోసి ఒక్కొక్కటే లెక్కపెట్టు. అక్కడ లెక్క తప్పితే ఏడాదంతా మేత లెక్క తప్పుతూనే ఉంటుంది.

నెలకోసారి విసురు వలతో ఓ పాతిక చేపలు పట్టించి తూయించు. 5 కేజీలు తూగితే చేప సగటున 200 గ్రాములు. 1,800 బతికాయనుకుంటే చెరువులో ఉన్నది 360 కేజీలు. వంద కేజీల చేపకి మూడు కేజీల చొప్పున రోజుకి 11 కేజీల మేత పడుతుంది: తొమ్మిది తవుడు, రెండు వేరుశనగ చెక్క. చేప పెరిగేకొద్దీ మూడుని రెండుకి దించు.

సంచుల సంగతి జాగ్రత్త. చిల్లుల సంచిలో మేత పోసి తాడుకి కడితే చేప కింద నుంచి పొడుచుకుని తింటుంది. రెండు మూడు గంటలకి సంచి పైకి లాగి చెయ్యి పెట్టి చూడు. అడుగున ముద్ద మిగిలి ఉంటే మర్నాడు మేత తగ్గించు. మిగిలింది నీళ్ళలో కుళ్ళి, చేప పీల్చే గాలిని తినేస్తుంది. చిల్లులు జిగురు పట్టి మూసుకుపోయినా మేత మిగులుతుంది, చేపకి ఆకలి లేదనుకుంటాం. అందుకే వారానికోసారి సంచులు ఉతికి ఎండలో వెయ్యాలి.

మబ్బు పట్టిన రోజుల్లో తెల్లవారుజామున చేపలు పైకొచ్చి నోళ్ళు తెరుస్తాయి. రాత్రంతా నీళ్ళలో గాలి తగ్గి, ఆ వేళకి అడుగంటుతుంది. ఆ రోజు మేత ఆపి, మోటారు వేసి కొత్త నీళ్ళు పెట్టాలి. నువ్వు పొయ్యి వెలిగించేదీ ఆ వేళకే. రెండూ నీ నెత్తినే పెట్టుకోకు. చెరువుకి నువ్వెళితే కాఫీ, పిల్లల స్నానాలు అల్లుడు చూసుకోవాలి. ఈ మాట మొదటి వారంలోనే తేల్చుకో, తర్వాత అడగడం కష్టం.

ఇక డబ్బు. డ్వాక్రా లోను నీ పేరున తెచ్చి, కౌలు కాగితం అల్లుడి పేరున రాస్తే బాకీ నీదీ, చేప ఆయనదీ అవుతుంది. కౌలు నీ పేరున ఉంటే చేపల సాగుకి కిసాన్ క్రెడిట్ కార్డు నువ్వే అడగవచ్చు. 2 లక్షల వరకు వడ్డీ 7 శాతం, గడువులో కట్టేస్తే 4 శాతమే పడుతుంది. 2020లో మొదలైన మత్స్య సంపద యోజనలో మామూలుగా 40 శాతం సబ్సిడీ, ఆడవాళ్ళకి 60. వ్యాపారి దగ్గర మదుపు మాత్రం తీసుకోకు. తీసుకుంటే చేప ఆయనకే వెయ్యాలి, ఆయన చెప్పిందే రేటు.

పట్టుబడికి ముందు రోజే రెండు మూడు చోట్ల రేటు కనుక్కో. తరుగు ఎంత, వల కూలి ఎవరిది అన్నది వల దిగకముందే తేల్చుకో. ఇంట్లో తూచిన 20 కేజీల తవుడు మూట తీసుకెళ్ళి ముందు కాటా మీద అది పెట్టించు. ఖాళీ ట్రే బరువు కూడా రాసుకో. డబ్బు నీ ఖాతాలో పడాలి. కూరకి తెచ్చుకున్న రెండు కేజీలతో సహా అన్నీ చెరువు లెక్కల పుస్తకంలో ఎక్కించు. నీ కూలి, అల్లుడి కూలి కూడా రోజులు వేసి రాయి. అది రాయకపోతే మిగలని డబ్బు లాభంలా కనపడుతుంది.

కౌలు కాగితం వచ్చే వారమే కదా రాసేది. స్టాంపు పేపరు నీ పేరు మీద కొనమని ఇవాళే అల్లుడికి చెప్పు.

మీ పెద్దమ్మ