నవల రాయడం అయ్యాక మొదలయ్యే పని

“ఉద్యోగం మానేసి నవలా రచయితగా బతకవచ్చా? నవలలు అచ్చయినవాళ్ళ రోజు ఎలా గడుస్తుంది?” అని అడిగారు. నావి రెండు నవలలు అచ్చయ్యాయి, మూడోది నడుస్తోంది. తెనాలి దగ్గర ఒక ఉన్నత పాఠశాలలో లెక్కలు చెబుతాను. ఆ ఉద్యోగం నేను మానలేదు, మీరూ మానకండి.

లెక్కల టీచరును కాబట్టి లెక్కే చెబుతాను. నా రెండో నవల 224 పేజీలు, వెల 200 రూపాయలు, వేసినవి 500 కాపీలు. రాయల్టీ పది శాతం. అంటే ఆఖరి కాపీ కూడా అమ్ముడైతే నా చేతికి వచ్చేది 10,000 రూపాయలు. రాయడానికి నాలుగేళ్ళు పట్టింది, అమ్ముడవడానికి మూడేళ్ళు. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టంలో 80క్యూక్యూబీ అనే సెక్షన్ ఉండేది. దాని ప్రకారం పుస్తకాల రాయల్టీ మీద 3 లక్షల రూపాయల దాకా మినహాయింపు ఇచ్చారు. ఆ 3 లక్షల దరిదాపులకు వెళ్ళిన తెలుగు నవలా రచయితను నేనింతవరకు కలవలేదు. వారపత్రికలు సీరియళ్ళ కోసం పోటీ పడిన రోజులు వేరు. 1978లో మొదలై నెలకొక నవలను ఇంటింటికీ చేర్చిన చతుర మాసపత్రిక కూడా 2021లో ఆగిపోయింది. కొత్త రచయితకు ఒక్క నెలలో వేలమంది పాఠకులను తెచ్చిపెట్టే దారి అది. దాని చోటులోకి ఇంకేదీ రాలేదు.

ఇక రోజు సంగతి. తెల్లవారుజామున నాలుగున్నరకు లేస్తాను. పాలవాడు వచ్చే ఆరున్నర దాకా రాస్తాను. బాగా సాగిన రోజున మూడు వందల మాటలు, సాగని రోజున నిన్న రాసిన మూడు వందలూ కొట్టేయడం. ఇంతే. నేను అసలు చెప్పాలనుకున్నది దీని గురించి కాదు. రాత పూర్తయ్యాక మొదలయ్యే పని ఒకటి ఉంది, దాని గురించి ఎవరూ చెప్పరు.

తెలుగు నవలకు పాఠకులు లేరంటే నేను ఒప్పుకోను. మనకు కరువైంది ఎడిటర్లు. రాతప్రతిని మొదటి నుంచి చివరి దాకా చదివి, ఇక్కడ తప్పింది, అక్కడ సాగింది అని చెప్పే మనిషి మన ప్రచురణలో దాదాపుగా లేడు. ముఖచిత్రానికి చిత్రకారుడు ఉన్నాడు, ముందుమాటకు పెద్ద రచయిత ఉన్నారు, ఆవిష్కరణకు వక్తలూ శాలువాలూ ఉన్నాయి. ఆ వక్తల్లో సగంమంది ముందుమాట చదివి వచ్చి మాట్లాడతారు. నా మొదటి నవల సభలో ఒకాయన ఇరవై నిమిషాలు మాట్లాడి, కథానాయిక పేరు మూడుసార్లు తప్పు చెప్పారు. ఆ రోజు నాకు ఏడుపొచ్చింది.

నా రెండో నవలను కాపాడింది ఒక డీటీపీ ఆపరేటరు, అంటే అచ్చుకు వెళ్ళే పేజీలను కంప్యూటరులో కూర్చే మనిషి.

విజయవాడ గవర్నర్‌పేటలో మెట్ల కింద చిన్న గది, రెండు కంప్యూటర్లు. ఆయన వయసు అరవై దాటింది. కుర్రతనంలో సీసపు అక్షరాలు కూర్చిన కంపోజిటరు. తర్వాత డీటీపీ నేర్చుకున్నారు. నేను బాబాయి గారూ అంటాను. నా ఫైలు ఫోన్లలో, నెట్‌లో కనబడే యూనికోడ్ అక్షరాల్లో ఉంటుంది, అచ్చుకు దాన్ని డీటీపీ వాళ్ళు వాడే అను ఫాంట్లలోకి మార్చాలి. మార్చినప్పుడల్లా మాటలు దెబ్బతింటాయి. నేను ‘గేట్‌మాన్’ అని రాస్తే ట కింద మ ఒత్తు చేరి ‘గేట్మాన్’ అవుతుంది. అలాంటివి పట్టుకోవడానికే శనివారం బడి కాగానే రైలెక్కి వెళ్ళి, ఆయన పక్కన స్టూలు వేసుకుని, ఎర్ర పెన్నుతో ప్రూఫులు దిద్దేదాన్ని.

ఆ నవల కృష్ణా పశ్చిమ డెల్టా కాలువ లాకుల దగ్గర షట్టర్లు ఎత్తి దించి నీళ్ళు వదిలే ముసలి లస్కరు కథ. సెలవులకు వచ్చిన మనవడు కాలువలో ఈతకు దిగి మునిగిపోతాడు. మొదటి ప్రతిలో అవి దసరా సెలవులు. తాతా మనవళ్ళ స్నేహం పెరగడానికి ఆ కాస్త రోజులు చాలవని మూడో ప్రతిలో వేసవి సెలవులకు మార్చాను. ఎండలు, మామిడిపళ్ళు, ఆరుబయట మంచాలు, అన్నీ సరిచూసుకున్నాను.

డిసెంబరు రెండో వారం. జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవానికి పుస్తకం రావాలని ప్రచురణకర్త తొందర. రెండో ప్రూఫు చూస్తున్నాం. బాబాయి గారు మౌసు పక్కకు జరిపి నా వైపు తిరిగారు.

“అమ్మా, ఒక మాట. ఏమీ అనుకోకండి. పిల్లవాడు పోయేది ఏ నెలలో?”

“మే నెల, బాబాయి గారూ.”

“మే నెలలో కాలువలో నీళ్ళెక్కడివి తల్లీ? కట్టేస్తారు కదా.”

పెన్ను నా చేతిలోనే ఉండిపోయింది. నేను కాలువగట్టు మీద పెరిగినదాన్ని. వేసవిలో ఎండిన కాలువలో పిల్లలు క్రికెట్ ఆడటం, లాకుల కింద మడుగులో మిగిలిన చేపలు పట్టడం చూస్తూ పెరిగాను. అంతకుముందు ఆ రాతప్రతిని నలుగురు మిత్రులు చదివారు, ప్రచురణకర్త చదివారు. నాలాగే ఎవరికీ తట్టలేదు. ఆయనకు తట్టింది. ఎందుకంటే ఆయన ఒక్కో అక్షరం చూస్తూ చదివారు.

ప్రచురణకర్తకు ఫోను చేసి పది రోజులు గడువు అడిగాను. “ఎవరు గమనిస్తారండీ, వదిలేయండి” అన్నారు. డెల్టాలో ఉన్న ప్రతి రైతూ గమనిస్తాడని చెప్పాను. రెండు అధ్యాయాలు తీసేసి మళ్ళీ రాశాను. ఇప్పుడు కథ జూన్ మొదటి వారంలోకి వచ్చింది, బడులు ఇంకా తెరవలేదు. పిల్లవాడు లాకుల కింది మడుగులో చేపల కోసం దిగాడు. పైన ముసలాయన ఆ ఏడాది తొలినీళ్ళు వదలడానికి షట్టరు ఎత్తుతున్నాడు. గడ్డీ గాదమూ నురగా కలిసిన ఎర్రనీళ్ళు ఒక్కసారిగా దూకాయి. పాత ప్రతిలో ముసలాయనకు దుఃఖం ఒక్కటే ఉండేది. కొత్త ప్రతిలో షట్టరు ఎత్తిన చెయ్యి ఆయనదే. అక్కడి నుంచి చివరి దాకా నవలంతా ఆ చేతి గురించే అయింది. చదివినవాళ్ళు నాకు రాసిన ఉత్తరాలన్నీ ఆ అధ్యాయం గురించే.

పుస్తక మహోత్సవం తప్పిపోయింది. డిసెంబరులో హైదరాబాదు, జనవరిలో విజయవాడ, ఏడాదిలో పుస్తకాలు బాగా కదిలేది ఆ రోజుల్లోనే. మాది ఫిబ్రవరిలో వచ్చింది. నాకు చింత లేదు.

ఇంకొక మాట చెప్పకుండా ఉండలేను. ప్రతి పుస్తకానికీ గుర్తింపుగా వేసే ఐఎస్‌బీఎన్ నంబరు తెప్పిస్తామని కొత్త రచయితల దగ్గర వేలు తీసుకునేవాళ్ళున్నారు. మన దేశంలో అది ఉచితం. ప్రభుత్వ వెబ్‌సైట్‌లో మీరే దరఖాస్తు చేసుకోవచ్చు. ఆ డబ్బు దాచుకోండి. మీ రాతప్రతిని మాటమాటా చదివే ఒక మనిషిని వెతుక్కుని, ఆ డబ్బు వారికి ఇవ్వండి. డీటీపీ వాళ్ళకు పేజీకి ఇంత అని లెక్కకట్టి ఇస్తారు. చదివినందుకు ఎవరూ ఏమీ ఇవ్వరు. రెండో నవల రాయల్టీలో మొదటి విడత నేను బాబాయి గారికి ఇచ్చాను. ఆయన వద్దన్నారు. వాళ్ళావిడ చేతిలో పెట్టి వచ్చాను.

ఆయనకు నిరుడు కంటి ఆపరేషన్ అయింది. గదికి వెళ్ళడం తగ్గించారు. మూడో నవలను పద్దెనిమిది పాయింట్ల అక్షరాల్లో ప్రింటు తీసి, ఆదివారాలు ఇంటికి తీసుకెళ్ళి ఇస్తున్నాను. ఇప్పుడు తొమ్మిదో అధ్యాయం ఆయన దగ్గర ఉంది.