ఫార్మాట్ చేయించే ముందు: కంప్యూటర్ ప్రశ్నలు, సమాధానాలు

ప్రశ్న: మాది చిన్న ఆఫీసు. వేసవిలో నెల రోజులు మూసి మళ్ళీ తెరిచినప్పటి నుంచి ఒక కంప్యూటర్‌లో బ్యాంకు సైటు గానీ, మెయిల్ గానీ తెరుచుకోవడం లేదు. ‘ఈ కనెక్షన్ సురక్షితం కాదు’ అని వస్తోంది. అదే వైఫైతో ఫోన్లన్నీ బాగా పనిచేస్తున్నాయి. చూడటానికి వచ్చిన మెకానిక్ ఇది వైరస్ అని, ఫార్మాట్ కొట్టక తప్పదని అన్నారు. చేయించమంటారా?
— ఒక పాఠకుడు, ఆమదాలవలస

సమాధానం: దయచేసి చేయించకండి. ముందుగా తెర మీద కుడివైపు అడుగున ఉన్న తేదీని, అందులోనూ సంవత్సరాన్ని చూడండి. మీరు రాసిన లక్షణాలను బట్టి అక్కడ ఏ 2015వ సంవత్సరమో కనిపిస్తుందని నా అంచనా.

కంప్యూటర్‌కు కరెంటు లేనప్పుడు దాని గడియారాన్ని నడిపేది మదర్‌బోర్డు మీద ఉండే రూపాయి బిళ్ళంత బ్యాటరీ. దుకాణంలో సీఆర్ 2032 అని అడిగితే ఇస్తారు. ఆ అంకెలో మొదటి 20 దాని వ్యాసం మిల్లీమీటర్లలో, తరువాతి 32 అంటే మందం 3.2 మిల్లీమీటర్లు. కొత్త బ్యాటరీ 3 వోల్టులు చూపించాలి. కొన్నేళ్ళు వాడిన తరువాత అది నీరసిస్తుంది. అంతవరకు ప్లగ్గు ఎప్పుడూ కరెంటులోనే ఉండటం వల్ల మీకు ఆ సంగతి తెలియలేదు. సెలవుల్లో మెయిన్ ఆపేసి వెళ్ళడంతో గడియారం ఆగిపోయి, మదర్‌బోర్డు తనకు తెలిసిన పాత తేదీకి వెళ్ళిపోయి ఉంటుంది. బ్యాంకు సైటు తన గుర్తింపు పత్రాన్ని ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు చెల్లేలా చూపిస్తుంది కాబట్టి, 2015లో ఉన్నాననుకుంటున్న కంప్యూటర్‌కు ఆ పత్రం ఇంకా పుట్టనే లేదు. అందుకే నమ్మడం లేదు.

నెట్ ఉంది కదా, సమయం దానంతటదే సరిపడదా అన్న అనుమానం మీకు రావచ్చు. మామూలుగా సరిపడుతుంది. అయితే డొమైన్‌లో, అంటే ఆఫీసు సర్వర్ అదుపులో నడిచే కంప్యూటర్ల గుంపులో, చేరని కంప్యూటర్‌లో విండోస్ టైమ్ సర్వీసు 15 గంటలకు మించిన తేడాను సొంతంగా దిద్దదు. అంత పెద్ద తేడా వచ్చిందంటే తనకు సమయం చెప్పే సర్వరే తప్పు చెబుతోందేమో అన్న జాగ్రత్త అది. కనుక ముందు మీరే చేత్తో తేదీని సరిచేసి, ఆ తరువాత ‘సింక్ నౌ’ నొక్కండి. బ్యాటరీ మార్చే ముందు ప్లగ్గు తీసి, గోడకు ఆనుకుని ఉన్న సీపీయూ డబ్బా పక్క రేకు విప్పండి. అచ్చు ఉన్న వైపు పైకి వచ్చేలా కొత్త బ్యాటరీ పెట్టండి.

సర్వర్, డొమైన్ ఉన్న పెద్ద కార్యాలయాల వారికి కూడా ఇక్కడే ఒక మాట చెప్పాలి. అక్కడ లాగిన్‌ను పరీక్షించే కెర్బెరోస్ పద్ధతిలో కంప్యూటర్‌కూ సర్వర్‌కూ మధ్య మామూలు అమరికలో 5 నిమిషాల తేడా వరకే చెల్లుతుంది. ఒకసారి నేను పనిచేసే చోట ఒక సెక్షన్‌లో ఇద్దరు ఉద్యోగులు సరైన పాస్‌వర్డే కొడుతున్నా లోపలికి వెళ్ళలేక, కొట్టిందే కొట్టి చివరకు ఖాతాలు లాక్ చేసుకున్నారు. నేను పాస్‌వర్డులు మార్చి ఇచ్చాను, అయినా లాభం లేకపోయింది. మధ్యాహ్నానికి గానీ గోడ గడియారానికీ ఆ తెరలకూ మధ్య తేడా నా కంట పడలేదు. అప్పటి నుంచి ఏ కంప్యూటర్ ముందు కూర్చున్నా మొదట నా చూపు తేదీ మీదికే పోతుంది.

ప్రశ్న: రోజూ రాత్రి షట్‌డౌన్ చేసే ఇంటికి వెళ్తున్నాను. అయినా టాస్క్ మేనేజర్‌లో సిస్టమ్ 23 రోజులుగా నడుస్తున్నట్టు చూపిస్తోంది. ఇది లోపమా?
— ఒక ఉపాధ్యాయిని, రాజాం

సమాధానం: లోపం కాదండీ. విండోస్ 8 నుంచి ‘ఫాస్ట్ స్టార్టప్’ అనే ఏర్పాటు ఉంది. షట్‌డౌన్ నొక్కినప్పుడు విండోస్ తన లోపలి భాగాన్ని పూర్తిగా ఆపకుండా డిస్క్‌లో దాచుకుని, ఉదయం దాన్నే తిరిగి తెచ్చుకుంటుంది. ‘రీస్టార్ట్’ నొక్కితే మాత్రం అంతా మొదటి నుంచి మొదలవుతుంది. ప్రింటర్ మొరాయించినా, సిస్టమ్ మందగించినా షట్‌డౌన్ చేసి ఆన్ చేయడం కంటె రీస్టార్ట్ చేయడమే మేలు. షిఫ్ట్ మీట పట్టుకుని షట్‌డౌన్ నొక్కితే ఆ ఒక్కసారికి పూర్తిగా ఆగుతుంది.

ప్రశ్న: మాది జీడిపప్పు వ్యాపారం. ట్యాలీ లెక్కలన్నీ రోజూ సాయంత్రం ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్‌లోకి కాపీ అయ్యేలా మా అబ్బాయి అమర్చాడు. డిస్క్ ఎప్పుడూ సీపీయూకు తగిలించే ఉంటుంది. ఈ జాగ్రత్త సరిపోతుందా?
— ఒక వ్యాపారి, పలాస

సమాధానం: మీ అబ్బాయి అమర్చింది మంచి పని. కాని సరిపోదు. పలాస వారికి తిత్లీ తుపాను సంగతి నేను కొత్తగా చెప్పనక్కరలేదు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున అది మీ దగ్గరే తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకూలిన ఆ రోజుల్లో ఒక చిన్న సంస్థ వారు పిలిస్తే వెళ్ళాను. పైకప్పు రేకు లేచిపోయి వాన నేరుగా టేబుల్ మీద పడింది. సీపీయూ ఆ టేబుల్ కింద, బ్యాకప్ డిస్క్ అదే టేబుల్ సొరుగులో ఉన్నాయి. సొరుగు లాగితే డిస్క్ నీళ్ళలో తేలుతున్న రసీదు పుస్తకాల మధ్య ఉంది. రెండు ప్రతులు ఉన్నాయి, రెండూ ఒకే వానకు తడిశాయి.

రెండో ప్రమాదం రాన్సమ్‌వేర్, అంటే ఫైళ్ళకు తాళం వేసి డబ్బు గుంజే వైరస్. అది కంప్యూటర్‌లో ప్రవేశిస్తే ఆ క్షణాన తగిలించి ఉన్న ప్రతి డిస్క్‌లోని ఫైళ్ళకూ తాళం వేస్తుంది. విండోస్ తనంతట తాను దాచుకునే పాత ప్రతులను కూడా చాలా రకాలు ముందే చెరిపేస్తాయి. 2017 మే 12న వాన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ ప్రపంచమంతా పాకినప్పుడు మన రాష్ట్రంలో పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా దాని బారిన పడ్డాయి. అది దూరిన లోపానికి మైక్రోసాఫ్ట్ దిద్దుబాటును ఆ ఏడాది మార్చి 14నే విడుదల చేసింది. ‘అప్‌డేట్ వస్తే సిస్టమ్ స్లో అవుతుంది, ఆపేయండి’ అని సలహా ఇచ్చేవారి మాట వినవద్దని నేను పట్టుబట్టేది ఇందుకే.

కాబట్టి రెండు డిస్క్‌లు కొనండి. ఒకటి ఆఫీసులో, ఒకటి ఇంట్లో ఉండాలి. ప్రతి శనివారం మార్చుకోండి, కాపీ పూర్తి కాగానే డిస్క్‌ను ఊడదీయండి. ఇంట్లో ఉన్నది నేల మీద గానీ కిటికీ పక్కన గానీ ఉంచవద్దు. తుపాను హెచ్చరిక వచ్చిన రోజున శనివారం కోసం ఎదురుచూడకుండా కాపీ తీసి, డిస్క్‌ను ప్లాస్టిక్ సంచిలో చుట్టి, మరో ఊళ్ళో ఉన్న బంధువుల ఇంటికి పంపగలిగితే ఇంకా నయం.

అన్నిటికంటె ముఖ్యమైన పని ఒకటి మిగిలి ఉంది. నెలకు ఒకసారి ఆ కాపీని వేరే కంప్యూటర్‌లో ఎక్కించి, పోయిన వారం కాగితపు బిల్లు ఒకటి చేతిలో పెట్టుకుని, అదే బిల్లు తెర మీద అదే మొత్తంతో వస్తోందో లేదో సరిచూడండి. ఒక కార్యాలయంలో రోజూ బ్యాకప్ నడుస్తోందని అందరూ నమ్మారు. కాపీ మొదలయ్యే వేళకు లెక్కల ప్రోగ్రామ్ తెరిచే ఉండటం వల్ల అసలు ఫైలు కాపీ కాకుండా దాటిపోతూ వచ్చింది, పక్కనున్న పనికిరాని ఫైళ్ళన్నీ భద్రంగా చేరాయి. డిస్క్ పోయిన రోజున ఆ సంగతి బయటపడింది. ఆ తరువాత అక్కడి గుమాస్తా పాత బిల్లులు ముందేసుకుని రాత్రి పొద్దుపోయేదాకా ఒక్కొక్కటే తిరిగి ఎక్కించడం చూశాను. ఆ కాపీని ఒక్కసారైనా తెరిచి చూడండని నేను ముందే చెప్పి ఉంటే ఆయనకు ఆ శ్రమ తప్పేది.

ప్రశ్న: సిస్టమ్ ఫార్మాట్ చేయించాక పాత తెలుగు ఉత్తరాలన్నీ ఇంగ్లీషు అక్షరాలు, పిచ్చి గుర్తులుగా కనిపిస్తున్నాయి. ఫైళ్ళు పాడైపోయాయా?
— ఒక గ్రంథాలయ ఉద్యోగి, విజయనగరం

సమాధానం: ఫైళ్ళు భద్రంగానే ఉన్నాయి, పోయింది ఫాంటు మాత్రమే. డీటీపీలో వాడే అను వంటి పాత ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాల సంఖ్యల మీదే తెలుగు రూపాలను కూర్చిపెట్టాయి. ఆ ఫాంటు ఉన్నంతవరకు తెలుగు కనిపిస్తుంది, ఫార్మాట్‌తో అది చెరిగిపోగానే అడుగున ఉన్న ఇంగ్లీషు గుర్తులు బయటపడతాయి. ఆ గుర్తులను చెత్త అనుకుని చెరపకండి, అవే మీ ఉత్తరాలు. అదే ఫాంటును తిరిగి ఎక్కిస్తే అన్నీ యథాతథంగా వస్తాయి.

ఇకపై రాసేవి మాత్రం యూనికోడ్‌లో రాయండి. అందులో ‘క’కు ప్రపంచమంతటా ఒకే సంఖ్య, 3093. దాన్ని చూపించే ఫాంటు విండోస్‌తోనే వస్తుంది, ఎక్స్‌పీ కాలంలో గౌతమి, విండోస్ 8 నుంచి నిర్మల. పాత ఉత్తరాలను యూనికోడ్‌లోకి మార్చే ప్రోగ్రాములు ఉన్నాయి గాని, మార్చిన తరువాత వత్తులు, క్రావడులు ఉన్న పదాలను కంటితో ఒకసారి చదవవలసిందే. గ్రంథాలయం వారు కనుక మరో మాట అడుగుతున్నాను. మార్చిన తరువాత కూడా మూల ప్రతులను ఆ పాత ఫాంటుతో కలిపి ఒకే ఫోల్డర్‌లో దాచండి.

ప్రశ్న: జనపనార సంచుల గోదాము పక్క గదిలో మా కంప్యూటర్ ఉంది. మధ్యాహ్నం రెండు దాటితే దానంతటదే ఆగిపోతోంది. రెండుసార్లు ఫార్మాట్ చేయించినా మార్పు లేదు.
— ఒక పాఠకుడు, నెల్లిమర్ల

సమాధానం: విండోస్ కారణమైతే మొదటి ఫార్మాట్‌తోనే పోవాలి. విండోస్ తనలో జరిగినవన్నీ రాసుకునే చిట్టా ‘ఈవెంట్ వ్యూయర్’ తెరిచి, ‘సిస్టమ్’ అన్న పట్టీలో 6008, 41 అంకెల నమోదులు ఏ వేళల్లో ఉన్నాయో కాగితం మీద రాసుకోండి. 41 అంటే సరిగా ఆగకుండానే మళ్ళీ మొదలైందని మాత్రమే అర్థం. కారణం అది చెప్పదు, వేళలు చెబుతాయి. అన్నీ ఎండ వేళలోనే ఉంటే వేడిని అనుమానించాలి. మీలాంటి గదిలో ఒక సీపీయూ విప్పినప్పుడు ప్రాసెసర్ మీది ఫ్యాను కింద, వేడిని వదలవలసిన రేకుల నడుమ, జనపనార పీచు పసుపుపచ్చని కంబళిలా పేరుకుని ఉంది. వేలితో పట్టుకుంటే ఒకే ముక్కగా ఊడి వచ్చింది.

ప్లగ్గు తీసి, మెత్తని కుంచెతో శుభ్రం చేయండి. బ్లోయర్ వాడితే ఫ్యాను రెక్కలు తిరగకుండా వేలితో ఆపి పట్టుకోండి, వేగంగా తిరిగితే దాని బేరింగు దెబ్బతింటుంది. ఆ తరువాత కూడా ఆగిపోతూ, నమోదులు చల్లని ఉదయాల్లో కూడా కనిపిస్తే, అప్పుడు యూపీఎస్ బ్యాటరీని, డబ్బా లోపల కరెంటు అందించే ఎస్ఎంపీఎస్‌ను పరీక్షించమనండి. మూడోసారి ఫార్మాట్ మాత్రం వద్దు.